మధుమేహ ఔషధాలు – క్షయవ్యాధి ముప్పు: ఆధారాలు, అన్వయం, వాడుకభాష

వ్యాససంగ్రహం:
మధుమేహం ఉన్నవారికి క్షయ సోకే ముప్పు ఎక్కువని వైద్యపరిశోధన స్థిరపరిచింది. మధుమేహానికి వాడే మందులు ఆ ముప్పును తగ్గిస్తాయా, పెంచుతాయా అన్న ప్రశ్న మాత్రం ఇంకా విచారణలోనే ఉంది. మెట్‌ఫార్మిన్ వాడినవారిలో క్షయ తక్కువగా కనిపించిందన్న పరిశీలనలను ఎలా చదవాలో, క్షయ చికిత్సలోని రిఫాంపిసిన్ మధుమేహ మందుల పనిని ఎలా మారుస్తుందో ఈ వ్యాసం వివరిస్తుంది. ఈ జ్ఞానం వరంగల్ ప్రాంతపు రోగికి తెలుగులో చేరే క్రమంలో ఎదురయ్యే పరిభాషా సమస్యలను కూడా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: మధుమేహం, క్షయ, మెట్‌ఫార్మిన్, రిఫాంపిసిన్, సాపేక్ష ముప్పు, వైద్యపరిభాష, వరంగల్.

1. ఉపోద్ఘాతం:

తెలుగు సాహిత్య పాఠకునికి క్షయ అనగానే బక్కచిక్కిన శరీరం, ఖాళీ కడుపు, ఆగని దగ్గు గుర్తుకు వస్తాయి. జగిత్యాలలో పుట్టి హైదరాబాదులో బతికిన కవి, ఛాయాచిత్రకారుడు అలిశెట్టి ప్రభాకర్ 1993 జనవరి 12న క్షయతోనే కన్నుమూశారు. పేదరికమూ క్షయా కలిసి నడుస్తాయన్న మన అవగాహనకు ఆయన జీవితం ఒక నిదర్శనంగా నిలిచిపోయింది. మధుమేహం విషయంలో మన మనసులోని బొమ్మ ఇందుకు పూర్తిగా విరుద్ధం. అది తిండికి లోటు లేనివారి జబ్బు, కూర్చుని పనిచేసేవారి జబ్బు అన్న అభిప్రాయం చాలాకాలం ఉంది.

ఈ రెండు బొమ్మలూ కొత్తవి కావు. చరకసంహిత నిదానస్థానంలో ప్రమేహానికి ఒక అధ్యాయం, శోషకు మరొక అధ్యాయం ఉన్నాయి. ప్రమేహానికి సుఖజీవనాన్ని, కదలిక లేకపోవడాన్ని, పెరుగు వంటి ఆహారాలు మితిమీరి తినడాన్ని కారణాలుగా చెప్పిన ఆ గ్రంథం, శోషకు శక్తికి మించిన శ్రమ, వేగాలను ఆపుకోవడం, ధాతుక్షయం, అస్తవ్యస్తమైన భోజనం అనే నాలుగు కారణాలను చెప్పింది. ఇరవై రకాల ప్రమేహాలలో వాతజాలైన నాలుగింటిలో మధుమేహం ఒకటి. రాజయక్ష్మ అన్న పేరుకు చంద్రుని కథ ఆధారం. రోహిణి మీద పక్షపాతం చూపి, దక్షుని కోపానికి గురై క్షీణించిన సోమరాజుకు వచ్చిన జబ్బు కనుక అది రాజయక్ష్మ. ఒకటి సుఖం వల్ల వచ్చేది, మరొకటి శ్రమవల్లా లేమివల్లా వచ్చేది అన్న విభజన ఇంత పాతదన్నమాట.

ఆ విభజన ఇప్పుడు నిలవదు. భారతీయ వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగిన ఇండియాబ్ అధ్యయనం 2023లో వెలువరించిన అంచనా ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవారు 10.1 కోట్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 నివేదిక ప్రకారం 2023లో ప్రపంచంలో కొత్తగా క్షయ బారినపడినవారు సుమారు 1.08 కోట్లు కాగా, వారిలో 26 శాతం భారతదేశంలోనే ఉన్నారు. రెండు సమూహాలూ ఇంత పెద్దవైనప్పుడు ఒకే మనిషిలో రెండూ కలవడం అరుదైన సంగతి కాదు. 2012లో ప్రచురితమైన అధ్యయనాలలో తమిళనాడులో పరీక్షించిన క్షయరోగులలో 25.3 శాతం మందికి, కేరళలో 44 శాతం మందికి మధుమేహం ఉన్నట్లు తేలింది.

2. ‘మూడు రెట్లు’ అంటే ఎంత?

మధుమేహం ఉన్నవారికి క్షయ ముప్పు మూడు రెట్లు అన్న వాక్యం తెలుగు పత్రికలలో తరచుగా కనిపిస్తుంది. దీనికి ప్రధాన ఆధారం జియాన్, ముర్రే అనే పరిశోధకులు 2008లో ప్రచురించిన సమీక్ష. వారు 13 పరిశీలనాత్మక అధ్యయనాలను పరిశీలించారు. వాటిలో మనుషులను కొంతకాలం వెంబడించి నమోదు చేసిన అధ్యయనాలను కలిపి లెక్కిస్తే సాపేక్ష ముప్పు 3.11గా వచ్చింది.

‘సాపేక్ష’ అన్న విశేషణం ఇక్కడ చాలా ముఖ్యం. పత్రికలలో తరచుగా జారిపోయేది కూడా ఇదే. ఒక ప్రాంతంలో ఏడాదికి లక్షమందిలో 200 మందికి క్షయ వస్తుందని అనుకుందాం. మూడు రెట్లు అంటే లక్షకు 600, అంటే వెయ్యికి ఆరుగురు. మిగిలిన 994 మందికి ఆ ఏడాది క్షయ రాదు. వ్యక్తి దృష్టితో చూస్తే ఇది చిన్న ముప్పే. జనసంఖ్య దృష్టితో చూస్తే కోట్ల మందిమీద ఈ మూడు రెట్లు పనిచేసినప్పుడు అది పెద్ద భారం. ప్రపంచవ్యాప్తంగా 2023లో వచ్చిన క్షయ కేసులలో సుమారు 3.8 లక్షలను మధుమేహానికి ఆపాదించవచ్చని పై నివేదిక అంచనా. అదే నివేదికలో పోషకాహార లోపానికి ఆపాదించిన కేసులు 9.6 లక్షలు. పేదరికం బొమ్మ పూర్తిగా తప్పు కాదు, అసంపూర్ణం మాత్రమే.

ఈ సంబంధానికి శరీరధర్మపరమైన కారణం ఉంది. క్షయ సూక్ష్మజీవి ఊపిరితిత్తులలోని మాక్రోఫేజ్ అనే భక్షక కణాల లోపలే తలదాచుకుంటుంది. రక్తంలో చక్కెర దీర్ఘకాలం ఎక్కువగా ఉన్నప్పుడు ఈ కణాలు సూక్ష్మజీవిని పట్టుకుని నాశనం చేసే పనిలో వెనకబడతాయి. వాటికి ఆజ్ఞలందించే లింఫోసైట్‌ల స్పందన ఆలస్యమవుతుంది. ఆలస్యంగా మొదలైన స్పందన తర్వాత అదుపుతప్పి ఊపిరితిత్తుల కణజాలాన్నే దెబ్బతీస్తుంది. చికిత్స ఫలితాలలోనూ తేడా ఉంది. మధుమేహం ఉన్న క్షయరోగులలో మరణాలు, జబ్బు తిరగబెట్టడం ఎక్కువని 2011లో బేకర్ బృందం చేసిన సమీక్ష చూపింది.

సంబంధం రెండువైపులా నడుస్తుందన్నది మరచిపోరాదు. క్షయవంటి దీర్ఘ సాంక్రమిక వ్యాధి వల్ల శరీరం మీద పడే ఒత్తిడికి రక్తంలో చక్కెర తాత్కాలికంగా పెరగవచ్చు. క్షయ నిర్ధారణనాడు మధుమేహం ఉందని తేలినవారిలో కొందరికి చికిత్స పూర్తయ్యేసరికి చక్కెర మామూలు స్థాయికి వస్తుంది. అందువల్ల ఒక్క పరీక్షతో జీవితకాలపు ముద్ర వేయడం సరికాదు.

3. మెట్‌ఫార్మిన్: ఆశ, లెక్క, పరీక్ష

ఇన్సులిన్ అందుబాటులోకి రాకముందు మధుమేహ రోగుల మరణకారణాలలో క్షయ ప్రధానమైనది. 1922లో ఇన్సులిన్ చికిత్స మొదలైన తర్వాత కూడా సమస్య తీరలేదని అమెరికా వైద్యుడు హోవర్డ్ రూట్ 1934లోనే రాశాడు. మెట్‌ఫార్మిన్‌ను మధుమేహ చికిత్సలో ప్రవేశపెట్టినవాడు ఫ్రెంచి వైద్యుడు జాన్ స్టెర్న్ (1957). యూరప్‌లో మధుమేహ లక్షణాలకు వాడిన గలేగా అనే మొక్కలోని రసాయనం దీనికి మూలం. ఇప్పుడిది రెండో రకం మధుమేహానికి మొదట ఇచ్చే మందులలో ముఖ్యమైనది, చౌకైనది.

ఈ పాతమందు క్షయ పరిశోధకుల దృష్టిలో పడటానికి కారణం 2014లో సింఘాల్ బృందం ప్రచురించిన పరిశోధన. మెట్‌ఫార్మిన్ కణంలోని ఏఎంపీకే అనే శక్తినియంత్రక ఎంజైమును చైతన్యపరుస్తుంది. దానివల్ల మాక్రోఫేజ్ లోపల సూక్ష్మజీవిని చంపే ఆక్సిజన్ సమ్మేళనాలు పెరుగుతాయి. సూక్ష్మజీవి దాక్కున్న కోశం జీర్ణరసాల కోశంతో కలిసిపోవడం వేగవంతమవుతుంది. ఎలుకలలో ఊపిరితిత్తుల నష్టం తగ్గింది. మెట్‌ఫార్మిన్ వాడుతున్న రోగులలో వ్యాధితీవ్రత తక్కువగా ఉన్నట్లు కూడా కనిపించింది. ఇది మందు సూక్ష్మజీవిని నేరుగా చంపడం కాదు. ఇంటివారికే కర్ర అందించడం వంటిది. దీనినే ఆతిథేయలక్షిత చికిత్స అంటున్నారు.

ఆ తర్వాత తైవాన్ మొదలైన దేశాల ఆరోగ్యబీమా నమోదుల ఆధారంగా అనేక అధ్యయనాలు వచ్చాయి. మెట్‌ఫార్మిన్ వాడిన మధుమేహరోగులలో క్షయ తక్కువగా ఉందని వాటిలో చాలావరకు చెప్పాయి. వాటిని కలిపి చూసిన సమీక్షలలో ముప్పు సుమారు సగానికి తగ్గినట్లు కూడా కనిపించింది. ఇక్కడే ఆగి ఆలోచించాలి.

మొదటి చిక్కు: ఏ మందు ఎవరికి ఇస్తారన్నది యాదృచ్ఛికం కాదు. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారికి మెట్‌ఫార్మిన్ ఇవ్వరు. మాత్రలతో చక్కెర అదుపుకాని, జబ్బు ముదిరిన వారికి తరచుగా ఇన్సులిన్ ఇస్తారు. మూత్రపిండాల వైఫల్యం, అదుపులేని చక్కెర ఈ రెండూ స్వయంగా క్షయ ముప్పును పెంచేవే. కాబట్టి ఇన్సులిన్ వాడేవారిలో క్షయ ఎక్కువగా కనిపిస్తే ఆ నేరం ఇన్సులిన్‌ది కాకపోవచ్చు. మెట్‌ఫార్మిన్ వాడేవారిలో తక్కువగా కనిపిస్తే ఆ ఘనత పూర్తిగా మెట్‌ఫార్మిన్‌దీ కాకపోవచ్చు.

రెండో చిక్కు మరింత సూక్ష్మమైనది. రెండేళ్లపాటు మందు వాడినవారిని ఒక వర్గంగా, తక్కినవారిని మరొక వర్గంగా విడదీశారని అనుకుందాం. మొదటి వర్గంలో చేరాలంటే ఆ రెండేళ్లూ క్షయ రాకుండా, ప్రాణాలతో ఉండితీరాలి. ఆ వ్యవధిలో జబ్బుపడినవారంతా తమంతతామే రెండో వర్గం ఖాతాలో పడతారు. డిగ్రీ మూడో సంవత్సరంలో ఇచ్చే ఒక ధ్రువపత్రం పొందినవారిలో మొదటి రెండేళ్లలో చదువు మానేసినవారు ఒక్కరూ లేరు కనుక, ఆ పత్రమే విద్యార్థులను కళాశాలలో నిలబెట్టిందని వాదిస్తే అధ్యాపకులెవరూ ఒప్పుకోరు. మందుల లెక్కలో మాత్రం ఇదే వాదన గణాంకాల ముసుగులో సులభంగా చెల్లిపోతుంది. గణాంకశాస్త్రం దీన్ని మృత్యురహిత కాలదోషంగా గుర్తించింది. ఈ దోషాన్ని సరిదిద్దని అధ్యయనాలలో మందు మేలు ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపించే అవకాశం ఉంది.

ఇటువంటి సందేహాలను తీర్చేది యాదృచ్ఛిక నియంత్రిత ప్రయోగం. భారతదేశంలో జరిగిన మెట్రిఫ్ ప్రయోగం ఈ విషయంలో గమనించదగినది. ఊపిరితిత్తుల క్షయ ఉండి మధుమేహం లేని 322 మంది వయోజనులలో కొందరికి సాధారణ క్షయ చికిత్స, మరికొందరికి దానితోపాటు రోజుకు 1000 మిల్లీగ్రాముల మెట్‌ఫార్మిన్ ఇచ్చారు. 2022లో ఫలితాలు వెలువడ్డాయి. కఫంలో సూక్ష్మజీవులు మాయమయ్యే వేగం మెట్‌ఫార్మిన్ వల్ల పెరగలేదు. అయితే ఒంట్లోని తాపలక్షణాలు, ఊపిరితిత్తుల కణజాల నష్టం తగ్గిన సూచనలు కనిపించాయి. ఈ ప్రయోగం అడిగిన ప్రశ్న వేరని గుర్తించాలి. జబ్బు వచ్చినవారికి చికిత్సలో మందు తోడ్పడుతుందా అన్నదే ఆ ప్రశ్న. మధుమేహం ఉన్నవారికి జబ్బు రాకుండా ఆపుతుందా అన్నది దానితో తేలదు. ‘షుగర్ మందుతో టీబీకి చెక్’ వంటి శీర్షికకు గానీ, ‘షుగర్ మందు టీబీకి పనిచేయదు’ వంటి శీర్షికకు గానీ ఈ ఆధారాలలో చోటు లేదు.

4. ఇతర ఔషధాలు

డీపీపీ-4 నిరోధకాలు (సిటాగ్లిప్టిన్, విల్డాగ్లిప్టిన్ మొదలైనవి) ప్రవేశించినప్పుడు ఒక సహేతుకమైన అనుమానం తలెత్తింది. ఆ డీపీపీ-4 ఎంజైమే సీడీ26 అన్న పేరుతో లింఫోసైట్‌ల మీదా ఉంటుంది. దాన్ని అడ్డుకుంటే రోగనిరోధకశక్తి తగ్గదా అన్నది ఆ అనుమానం. ఈ మందులే క్షయకు కారణమని తేల్చే గట్టి ఆధారం మాత్రం లభించలేదు. మూత్రం ద్వారా చక్కెరను బయటికి పంపే ఎస్‌జీఎల్‌టీ-2 నిరోధకాల విషయంలోనూ తుది తీర్పు ఇచ్చే స్థితి లేదు. ఈ మందులు, జీఎల్‌పీ-1 వర్గపు సూదిమందులు బరువును తగ్గిస్తాయి. బరువు తగ్గడమే క్షయకు తొలి హెచ్చరిక కూడా కావడం వల్ల, ఆ తగ్గుదలను మందు ఖాతాలో వేసి ఊరుకునే ప్రమాదం ఉంది.

వీటన్నిటికన్నా స్థిరంగా నిలిచే విషయం ఒకటుంది. చక్కెర అదుపులో లేనివారికి క్షయ ముప్పు ఎక్కువని పలు అధ్యయనాలు సూచిస్తున్నాయి. ఏ మందు అన్నదానికన్నా చక్కెర అదుపులో ఉందా అన్నదే ముందు అడగవలసిన ప్రశ్న.

5. రిఫాంపిసిన్ చేసే మార్పు

ముప్పు గురించిన చర్చలో పత్రికలు దాదాపుగా పట్టించుకోని పార్శ్వం ఇది. చికిత్సలో ప్రతిరోజూ ఎదురయ్యేది కూడా ఇదే. మందులకు లొంగే క్షయకు మొదటి రెండు నెలలు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబ్యుటాల్ అనే నాలుగు మందులు, తర్వాతి నాలుగు నెలలు పైరజినమైడ్ తప్ప మిగిలిన మూడు మందులు ఇస్తారు. ఆరునెలలూ ఉండేవాటిలో రిఫాంపిసిన్ ముఖ్యమైనది. అది కాలేయంలో మందులను విచ్ఛిన్నం చేసే ఎంజైముల ఉత్పత్తిని బాగా పెంచుతుంది. ఫలితంగా కొన్ని మధుమేహ మందులు రక్తంలో నిలవవలసినంత సేపు నిలవవు. రిఫాంపిసిన్‌తో కలిపి వాడినప్పుడు శరీరానికి అందే గ్లిమెపిరైడ్ సుమారు మూడోవంతు, గ్లిక్లజైడ్ సుమారు 70 శాతం తగ్గినట్లు ప్రయోగాలలో తేలింది. పయోగ్లిటజోన్, రెపాగ్లినైడ్‌ల మీదా ఈ ప్రభావం ఉంది. మెట్‌ఫార్మిన్ కాలేయంలో విచ్ఛిన్నం కాకుండా మూత్రపిండాల ద్వారా బయటికి పోతుంది కనుక ఈ చిక్కు దానికి దాదాపు లేదు. ఇన్సులిన్‌కూ లేదు. క్షయరోగులలో ఈ రెంటికీ ప్రాధాన్యమివ్వడానికి ఇదొక కారణం.

కొన్నేళ్లుగా గ్లిమెపిరైడ్ వాడుతూ చక్కెరను అదుపులో ఉంచుకున్న ఒక మనిషికి క్షయ మందులు మొదలైన కొద్దివారాలకు చక్కెర పెరుగుతుంది. అతడు పథ్యం తప్పాడని ఇంట్లోవాళ్లు కసురుతారు. అసలు కారణం రిఫాంపిసిన్ కావచ్చు. వైద్యుడు మోతాదు పెంచుతాడు. ఆరునెలల తర్వాత క్షయ మందులు ఆగిపోతాయి. రిఫాంపిసిన్ ప్రభావం సుమారు రెండు వారాలలో సద్దుమణుగుతుంది. పెంచిన మోతాదు మాత్రం అలాగే ఉండిపోతే చక్కెర ఒక్కసారిగా పడిపోయి, చెమటలు, వణుకు, స్పృహతప్పడం వంటివి రావచ్చు. క్షయ చికిత్స ముగిసిన రోజు మధుమేహ చికిత్సలో మరో పరీక్ష మొదలయ్యే రోజు. ఈ సంగతి చాలామంది రోగులకు ఎవరూ చెప్పరు.

దుష్ఫలితాలు ఒకదానిలో ఒకటి కలిసిపోవడం మరో సమస్య. ఐసోనియాజిడ్ వల్ల అరికాళ్ల తిమ్మిర్లు రావచ్చు. మధుమేహం వల్లా అవే వస్తాయి. అందుకే క్షయ మందులతోపాటు బీ6 విటమిన్ అయిన పిరిడాక్సిన్ ఇస్తారు. ఇథాంబ్యుటాల్ అరుదుగా దృష్టినాడిని దెబ్బతీస్తుంది. మధుమేహం కంటి రెటీనాను దెబ్బతీస్తుంది. చూపు మసకబారితే ఏది కారణమో తేల్చడానికి నేత్రవైద్యుని పరీక్ష తప్పనిసరి. (ఇథాంబ్యుటాల్‌ను 1961లో కనుగొన్నది అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో. 1948లో మరణించేవరకు ఆ సంస్థ పరిశోధనలకు నాయకత్వం వహించినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.)

6. వరంగల్‌లో ఈ మాటలు

క్షయకు సంబంధించి తెలుగునేలకు చిన్నదికాని చరిత్ర ఉంది. మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయం 1915 నుంచి పనిచేసింది. దేశంలో బీసీజీ టీకా కార్యక్రమం 1948లో మదనపల్లెలోనే మొదలైంది. తెలంగాణలో 1959లో ఏర్పడిన కాకతీయ వైద్య కళాశాల, దానికి అనుబంధమైన మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రి ఉత్తర తెలంగాణ జిల్లాలకు పెద్దదిక్కు. జనం నోట అది ‘ఎంజీఎం’. ప్రజాకవి కాళోజీ పేరిట ఆరోగ్యవిజ్ఞాన విశ్వవిద్యాలయం వెలసింది కూడా వరంగల్‌లోనే. పలుకుబడుల భాషకోసం జీవితమంతా వాదించిన కవి పేరు వైద్యవిద్యకు పెట్టుకున్న ఊరిలో, రోగికి వైద్యం ఏ భాషలో అందుతున్నదన్న ప్రశ్న అసందర్భం కాదు.

ప్రభుత్వ విధానంలో లోపం లేదు. క్షయరోగులందరికీ మధుమేహ పరీక్ష చేయాలన్న నిర్ణయం 2012లోనే జరిగింది. రెండు కార్యక్రమాలను కలిపే జాతీయ ప్రణాళిక 2017లో వచ్చింది. మధుమేహం ఉన్నవారికి నాలుగు ప్రశ్నలు వేయాలి: రెండు వారాలకు మించిన దగ్గు ఉందా, జ్వరం ఉందా, బరువు తగ్గిందా, రాత్రిపూట చెమటలు పడుతున్నాయా. చిక్కు ఈ ప్రశ్నలు తెలుగులో అడిగేచోటే వస్తుంది. ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాల మధ్య పనిచేసే మనిషికి దగ్గు అంటే ఘాటు. అతడు దాన్ని జబ్బుగా లెక్కపెట్టకపోవడం సహజం. బరువు తగ్గిందా అంటే తూకం చూసుకోని మనిషి లేదనే అంటాడు. ‘బక్కగయినవా? అంగీ వదులయిందా?’ అంటే జవాబు మారవచ్చు. ఆ జవాబు వెంటనే ‘షుగరున్నది గద, అందుకే’ అన్న వివరణ కూడా వస్తుంది. రెండు జబ్బులూ మనిషిని చిక్కిపోయేలా చేసేవే కావడం వల్ల, తెలిసిన జబ్బు తెలియని జబ్బును కప్పేస్తుంది.

ఆహారం విషయంలో సందిగ్ధం మరింత లోతైనది. ‘టీబీ వచ్చింది, మంచిగ తినాలె’ అన్నది ఒక సలహా. ‘షుగరున్నది, అన్నం తగ్గియ్యాలె’ అన్నది రెండో సలహా. రెండూ ఒకే మనిషికి, ఒక్కోసారి ఒకే రోజున, రెండు గదులలో అందుతాయి. నిక్షయ్ పోషణ్ యోజన కింద 2018లో నెలకు 500 రూపాయలుగా మొదలై 2024 నవంబరు నుంచి 1000 రూపాయలైన సాయాన్ని దేనిమీద ఖర్చుచేయాలో ఆ రోగికి స్పష్టంగా తెలియాలి. గుడ్లు, పప్పులు, పల్లీలు, పాలు పెంచి, అన్నం పాలు తగ్గించమన్నప్పుడు రెండు సలహాలూ ఒక్కటవుతాయి. అలా కలిపి చెప్పే బాధ్యత రెండు గదులలో ఏ గదిదన్నది తేలడం లేదు.

పరిభాష సంగతి చూస్తే ‘మధుమేహం’, ‘క్షయ’ గోడపత్రికలకే పరిమితమయ్యాయి. వాడుకలో ఉన్నవి ‘షుగర్’, ‘టీబీ’. ‘మాత్ర’ అన్నా తెలుస్తుంది కానీ ఈ ప్రాంతపు మాట ‘గోలి’. ఇందులో సంస్కరించవలసినది ఏమీ లేదు. శ్రద్ధ అవసరమైనచోటు వేరే ఉంది. రిఫాంపిసిన్ ఉన్న క్షయ మందులు పరగడుపున వేసుకుంటే బాగా ఒంటబడతాయి. గ్లిమెపిరైడ్ వంటివి తిండికి కాస్త ముందు లేదా తిండితో వేసుకోవాలి. మెట్‌ఫార్మిన్ తిండితోనో, తిన్న తర్వాతో వేసుకోవాలి. లేకుంటే కడుపులో వికారం. కాగితం మీద ఇవి మూడు వేర్వేరు సూచనలు. రోగి చేతిలో అవి ఒకే పిడికెడు గోలీలు. పొద్దున్నే పనికి పోవలసిన మనిషి అన్నీ ఒక్కసారే పరగడుపున మింగితే వికారం, వాంతి, లేదా చక్కెర పడిపోవడం. ఆ వాంతిని ‘టీబీ గోలీలు పడతలేవు’ అని అర్థంచేసుకుని మానేసేది చివరికి క్షయ మందునే. రిఫాంపిసిన్ వల్ల మూత్రం ఎర్రబారడం కూడా ముందే చెప్పకపోతే ఇదే పని చేయిస్తుంది. మూత్రాన్ని బట్టే షుగరును అంచనా కట్టడం అలవాటైన మనిషికి ఆ ఎరుపు కిడ్నీ పోయినట్లు కనిపిస్తుంది.

‘లేవంగనె ఈ ఎర్రగోలీలు. గంట తర్వాత తిండి. తిండి కాంగనె ఈ తెల్లగోలి. మూత్రం ఎర్రగ వస్తది, భయపడకు.’ నాలుగు చిన్న వాక్యాలు. గోలీల రంగు కంపెనీని బట్టి మారుతుంది కనుక రంగును ఎదుటే చూపి చెప్పాలి. షుగర్ గోలీలలో తిండికి ముందువేవైనా ఉంటే మరో వాక్యం చేరుతుంది. ఈ వాక్యాలను మందులిచ్చే కిటికీ దగ్గర నిలబడి వినదగిన తెలుగులో తయారుచేయడం, వాటిని రోగులే తిరిగి చెప్పగలుగుతున్నారో లేదో పరీక్షించడం వైద్యకళాశాలలూ తెలుగుశాఖలూ కలిసి చేయదగిన పరిశోధన. దీనికి కావలసింది కొత్త మందు కాదు, ఒక రికార్డరు, ఒక నోటుపుస్తకం, ఎంజీఎం వరండాలో కొన్ని ఉదయాలు.